ఎర్ర కామాలు

మృదంగం ముందు కూర్చుంటే కుడిచేతి ఉంగరం వేలికి ఒక్కటే పని. కుడి మూత మధ్యలో ఉండే, కరణి అనే నల్లటి పూత అంచున ఊరికే ఆని ఉండాలి. కొట్టకూడదు, నొక్కకూడదు, అలాగని గాల్లోకి లేవకూడదు. అదే సమయంలో చూపుడువేలు వెళ్ళి చుట్టూ ఉన్న మీటు అనే తోలు అంచు మీద తగిలితే "నం" అని చిన్న గంటలా మోగాలి. చెప్పడానికి ఇంతే. నాకు అది రావడానికి ఏడు నెలలు పట్టింది. అప్పటిదాకా నా "నం" చెక్కబల్ల మీద గోరుతో కొట్టినట్టు "టక్" మనేది.

అసలు నేను మృదంగం నేర్చుకుంటానని ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. గాత్రం మా అక్క నేర్చుకునేది. ఒక్కతినే పంపడం ఇష్టం లేక తోడుగా నన్నూ పంపేవాళ్ళు. 1986 వేసవి, నాకు తొమ్మిదేళ్ళు. అక్క సరళీ వరసలు దాటి జంట వరసల్లోకి వెళ్ళింది. నేను గోడకానుకుని కూర్చుని, ఆవిడ పాడుతున్నంతసేపూ పలక మీద వేళ్ళాడిస్తూ ఉండేదాన్ని. పాటల టీచరుగారికి విసుగొచ్చింది. "ఈ పిల్లని పక్క గదిలోకి పంపండమ్మా, అక్కడ ఎంత కొట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు" అన్నారు. పక్క గదిలో మృదంగం క్లాసు. అలా వెళ్ళాను. ఇష్టపడి చేరాను అని ఎవరైనా రాస్తే నాకు కాస్త అసూయగా ఉంటుంది, నన్ను మాత్రం తరిమారు.

ఆ గదిలో అయిదుగురు మగపిల్లలు, నేను. మా అమ్మమ్మకి ఈ సంగతి తెలిసి "ఆడపిల్లకి మద్దెల ఏమిటే, వీణ నేర్పించండి చక్కగా" అని నెల రోజులు సణిగింది. మాస్టారి చెవిన పడింది. ఆయన ఎప్పుడూ వాదించే మనిషి కాదు. "రేడియోలో సుమతిగారి కచేరీ వచ్చినప్పుడు మీ అమ్మమ్మగారిని కూర్చోబెట్టి వినిపించు" అన్నారు. సుమతిగారు మృదంగ విద్వాంసులు దండమూడి రామ్మోహనరావుగారి భార్య, ఆయన దగ్గరే నేర్చుకుని పెద్ద కచేరీలకు వాయించిన విదుషీమణి. నిడుమోలు సుమతిగా 2021లో ఆవిడకి పద్మశ్రీ వచ్చినప్పుడు పేపరు చూసి నాకు ముందు గుర్తొచ్చింది మా అమ్మమ్మే. రేడియో దగ్గర కూర్చుని, వాయిస్తున్నది ఆడమనిషి అని నమ్మక, చివర్లో అనౌన్సర్ పేరు చెప్పేదాకా కదల్లేదు. ఆ తర్వాత వీణ మాట ఎత్తలేదు. కానీ "కాళ్ళు చాపుక్కూర్చోవడం ఏమిటే" అనడం మాత్రం మానలేదు.

మొదటి మూడు నెలలూ మాస్టారు మృదంగం ముట్టుకోనివ్వలేదు. నోటితో చెప్పించేవారు, అంతే. మూడుకి తకిట, నాలుగుకి తకధిమి, అయిదుకి తకతకిట, ఏడుకి తకిటతకధిమి, తొమ్మిదికి తకధిమితకతకిట. ఒక చేత్తో ఆది తాళం వేస్తూ ఇవి చెప్పాలి. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరం వేలు, మధ్యవేలు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది. వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటే నోరు ఆగిపోయేది, నోరు చూసుకుంటే వేళ్ళు తప్పేవి. పైగా అదే పాఠం ఒకటో కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో చెప్పాలి. చేయి మాత్రం అదే నడకలో ఉండాలి, నోరే రెట్టింపు కావాలి. మూడో కాలంలో నేను చెప్తుంటే మాస్టారు కళ్ళు మూసుకునేవారు. భక్తి అనుకునేదాన్ని. నవ్వాపుకోవడానికట, పెద్దయ్యాక ఆయనే చెప్పారు.

"నోట్లో లేనిది చేతిలోకి రాదమ్మా" అనేవారు. నాకేమో చేతిలోకి రావలసిన వస్తువు మూలన గుడ్డ కప్పుకుని కనిపిస్తూనే ఉండేది, అది ముట్టుకోనివ్వకుండా ఈ మాటలేమిటని కోపం. ఆ కోపమంతా దారిలో తీరేది. బడికి నడిచేటప్పుడు అడుగులకి ఆ మాటలే, అంటే జతులు, కట్టుకునేదాన్ని. తకధిమికి ఏ ఇబ్బందీ లేదు, ఎప్పుడూ కుడికాలుతోనే మొదలవుతుంది. తకతకిట చెప్పుకుంటూ నడిస్తే ఒకసారి కుడికాలుతో, ఒకసారి ఎడమకాలుతో మొదలవుతుంది. అయిదు బేసి సంఖ్య అని లెక్కల క్లాసులో కన్నా ముందు నా కాళ్ళకి తెలిసింది. క్లాసులో బెంచీ మీద కొట్టినందుకు ఒక టీచరు నన్ను రెండు పీరియడ్లు బయట నిలబెట్టారు. బయట గోడ ఉంది కదా. గోడ మీద కొట్టుకున్నాను.

నాలుగో నెలలో నాన్న ఎవరి దగ్గరో పాత మృదంగం సంపాదించి తెచ్చారు. 22 అంగుళాలది. మృదంగాల్లో పొట్టిది హెచ్చు శ్రుతికి, 24 అంగుళాల దాకా ఉండే పొడుగుది తగ్గు శ్రుతికి అని మాస్టారు చెప్పారు, నాకైతే అదే ఏనుగులా ఉంది. మృత్ అంటే మట్టి, మట్టితో చేసిన ఒళ్ళు కాబట్టి మృదంగం అని పేరట. ఇది మాత్రం పనస చెక్క, గుల్లగా తొలిచినదైనా ఎత్తబోతే నడుం పట్టేసింది. అక్క ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని క్లాసుకి మోసేవాళ్ళం.

మొదటిరోజు కూర్చోవడమే ఒక పాఠం. కుడికాలు కాస్త చాపి, ఆ చీలమండ మీద మృదంగాన్ని ఆన్చి, ఎడమకాలు ముడిచి దాని ఒంటికి ఆనించి కూర్చోవాలి. పది నిమిషాలకి కుడిపాదం నాది కాకుండా పోయింది. లేవబోతే తిమ్మిరెక్కి పక్కనున్న కుర్రాడి మీద పడ్డాను. అతను ఎడమచేతి వాటం పిల్లాడు, మృదంగం తిప్పి పెట్టుకునేవాడు. అందుకని వాడి మోకాలు, నా మోకాలు ఎప్పుడూ కొట్టుకునేవి. వాణ్ణి మిగతావాళ్ళు ఏడిపిస్తే మాస్టారు పళని సుబ్రమణ్య పిళ్ళై గురించి చెప్పారు. ఆయనదీ ఎడమచేతి వాటమే. కచేరీలో మృదంగం కుడి మూత శ్రోతలవైపు ఉండాలి. ఆయన వాయిస్తే వయొలిన్ ఆయనా, ఈయనా చోట్లు మార్చుకోవాలి. అది కొందరికి గిట్టేది కాదట. అయినా మృదంగం చరిత్ర చెప్పుకుంటే ఆయన పేరు లేకుండా కుదరదు. ఆ కథ విన్న రోజు నుంచి మావాడు నాకన్నా గట్టిగా వాయించడం మొదలుపెట్టాడు. కథలు చెప్పడంలో ఉన్న ఇబ్బంది ఇదే.

మొదటి పాఠం నాలుగే అక్షరాలు. త, ధి, తొం, నం. ఎడమవైపు నాలుగు వేళ్ళూ కలిపి మూసి కొడితే త. కుడివైపు కరణి మీద మధ్యవేలు, ఉంగరం వేలు, చిటికెనవేలు కలిపి కొడితే ధి. ఎడమవైపు కొట్టి వదిలేస్తే తొం. కుడివైపు మీటు మీద చూపుడువేలితో నం. ఈ నాలుగూ రోజుకి గంట. త బాగానే వచ్చింది, అది ఎవరికైనా వస్తుంది. ధి పొడిగా వచ్చేది. తొం అయితే ముద్దుగా వచ్చేది, కానీ అది నా గొప్ప కాదు, రవ్వ గొప్ప.

ఎడమ మూత మధ్యలో అప్పటికప్పుడు రవ్వ తడిపి, ముద్దచేసి, అతికిస్తారు. ఆ బరువుకి తోలు నిదానంగా ఊగి గంభీరమైన శబ్దం వస్తుంది. ముద్ద ఎక్కువైతే గొంతు మరీ కిందికి పోతుంది, తక్కువైతే డొల్లగా మోగుతుంది. వాయించడం అయిపోగానే గీకేసి తుడవాలి. ఒకసారి పరీక్షలని వదిలేశాను. మూడో రోజుకి అది రాయిలా ఎండింది, దానిమీద చీమల బారు. గీకబోతే తోలు చిరుగుతుందేమోనని టెన్షన్, వదిలేస్తే మాస్టారు చూస్తారని టెన్షన్. తడిగుడ్డ వేసి సాయంత్రం దాకా నానబెట్టి, గోరుతో కొంచెం కొంచెంగా తీశాను. ఆ సాయంత్రం పడ్డ ఓపిక పరీక్షలకి పడి ఉంటే మార్కులు ఇంకో రకంగా ఉండేవి.

దానికన్నా ఘనకార్యం ఒకటుంది. కుడి మూతలో తోలు పొరల మధ్య చిన్న చిన్న పుల్లముక్కలు కనిపించేవి. పాతది కదా, చెత్త చేరిందనుకున్నాను. పిన్నీసుతో శ్రద్ధగా లాగేశాను. సగం దాకా శుభ్రం చేసి వాయించి చూస్తే ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా పలుకుతోంది. ఆ పుల్లలు కావాలని పెట్టినవేనట. పొరల మధ్య సందు ఉండి, నాదం కాస్త జీరగా, కణకణమని రావడానికి. అలాంటిదాన్ని కుచ్చి మృదంగం అంటారు, పుల్లలకి బదులు సన్నటి రాతి పలుకులు వేస్తే కప్పి మృదంగం. ఇదంతా మాస్టారు చెప్పడానికి ముందు ఒక నిమిషం నా మొహం, మృదంగం మొహం మార్చి మార్చి చూశారు. తర్వాత లోపలికెళ్ళి చీపురులోంచి రెండు పుల్లలు విరుచుకొచ్చారు. "ఎన్ని తీశావో అన్నీ నువ్వే పెట్టు" అన్నారు. ఆ రోజు క్లాసంతా అదే పని.

మళ్ళీ నం దగ్గరికి వస్తాను. ఏడు నెలలని చెప్పాను కదా. వేలు గట్టిగా ఆనిస్తే శబ్దం చచ్చిపోయేది, అసలు ఆనించకపోతే మూత మొత్తం బుయ్ మనేది. మాస్టారు ఏ సలహా ఇచ్చినా చివరికి "ఆని ఆననట్టు" అనేవారు. ఆని ఆననట్టు అంటే ఎంత? దానికి కొలత లేదు. ఒక రోజు, ఎందుకో విసుగుపుట్టి, కిటికీలోంచి బయట చూస్తూ చేతిని దాని మానాన వదిలేశాను. మోగింది. సన్నగా, సూటిగా, చాలాసేపు నిలిచింది. మళ్ళీ కొడితే రాలేదు. ఇంకో నలభైసార్లు కొడితే రెండుసార్లు వచ్చింది. ఆ రెండూ చాలు నాకు ఆ రాత్రి నిద్రపట్టకుండా ఉండటానికి.

ఆ వేలు అక్కడ ఏం చేస్తోందో పదేళ్ళ తర్వాత డిగ్రీలో తెలిసింది. ఫిజిక్స్ లైబ్రరీలో సి.వి. రామన్ గురించి చదువుతుంటే నోబెల్ తెచ్చిన కాంతి పరిశోధనకన్నా ముందే, 1920లో, ఆయన మన మృదంగం మీద పరిశోధన ప్రచురించారని కనిపించింది. తర్వాత 1934లో ఇంకా వివరంగా రాశారు. మామూలుగా బిగించిన గుండ్రటి తోలు కొడితే వచ్చే పై స్వరాలు అసలు స్వరానికి సరైన రెట్లలో ఉండవు. మొదటిదే 1.59 రెట్లు. అందుకే చాలా డప్పుల్లో చప్పుడే తప్ప శ్రుతి తెలియదు. మృదంగం మధ్యలో పొరలు పొరలుగా పట్టించిన కరణి బరువు వల్ల ఆ పై స్వరాలు సరిగ్గా రెండింతలు, మూడింతలు అయి కుదురుతాయి. తోలు మీద సన్నటి ఇసుక చల్లి, ఏ దెబ్బకి ఏ గీత మీద తోలు కదలకుండా ఉంటుందో ఆయన చూపించారు. ఇసుక ఆ గీతల మీదికి చేరిపోతుంది. వేలు ఆన్చాల్సింది అలా కదలని గీత మీదే. అక్కడ ఆన్చితే అక్కర్లేని కంపనాలు ఆగిపోతాయి, కావలసింది మాత్రం నిలుస్తుంది. లైబ్రరీలో కూర్చుని నా ఉంగరం వేలుని చూసుకున్నాను. ఇదంతా మాస్టారికి ఉత్తరం రాశాను. ఆయన జవాబు ఒక పోస్టుకార్డు: "రామన్ గారు సరిగ్గానే చెప్పారు. సాధన చేస్తున్నావా?"

చేయడం లేదు అప్పటికి. అది తర్వాత.

రెండో ఏడు చివర్లో ముక్తాయిలు, అంటే వాయింపుని ముగించే లెక్క కట్టిన జతులు, మొదలయ్యాయి. నాకు లెక్కలంటే భయం లేదు కాబట్టి ఇవి చకచకా పట్టుకున్నాననుకున్నాను. మాస్టారు ఇచ్చిన మొదటిది చాలా చిన్నది. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున 32. తకధిమి నాలుగుసార్లు చెప్తే 16. తదిగిణతొం అంటే అయిదు, మూడుసార్లకి 15. మొత్తం 31. ఒకటి మిగిలింది కదా, అది మధ్యలో ఖాళీగా వదలాలి. తకధిమిలు అయిపోయాక ఒక్క మాత్ర ఊరుకుని, అప్పుడు తదిగిణతొం ఎత్తుకోవాలి. అలా చేస్తే చివరి తొం అయిపోగానే సమం, అంటే తాళం మొదటి దెబ్బ, వచ్చి ఒళ్ళో పడుతుంది. స్వరాలు రాసేటప్పుడు ఆ ఒక్క మాత్ర ఖాళీకి కామా పెడతారు.

కాగితం మీద ఇంత సులువు. చేతికొచ్చేసరికి ఆ కామాని మింగేసేదాన్ని. పదహారు దెబ్బలు ఊపుగా వచ్చాక చేతులు ఎందుకు ఊరుకుంటాయి? నాకు తెలియకుండానే దూసుకెళ్ళిపోయేవి. పావు అక్షరం ముందే సమం కొట్టి, ఏదో సాధించినట్టు తలెత్తి చూసేదాన్ని. మాస్టారు తాళం వేస్తున్న చేయి మాత్రం ఇంకా గాల్లోనే ఉండేది.

ఆ రోజుల్లోనే ఆయన టేప్ రికార్డర్ తెచ్చి పాల్ఘాట్ మణి అయ్యర్ కచేరీ వినిపించేవారు. 1966లో సంగీత కళానిధి బిరుదు ఆయనకి వచ్చిందని, మృదంగం వాయించేవాళ్ళలో అది అందుకున్న మొదటి మనిషి ఆయనేనని చెప్పేటప్పుడు మాస్టారి గొంతు కాస్త పెరిగేది, తనకే వచ్చినట్టు. "ఎక్కడ వాయిస్తున్నారో కాదు, ఎక్కడ వాయించడం లేదో చెప్పండి" అని మాకు పరీక్ష పెట్టేవారు. మాకు పన్నెండేళ్ళు కూడా లేవు. వాయించని చోట ఏం వినాలో తెలియక కుర్రాళ్ళు నిద్రపోయేవాళ్ళు. నేను నిద్రపోలేదు కానీ, విన్నానని కూడా చెప్పలేను.

తరగతి వార్షికోత్సవంలో అక్క ఒక ఆది తాళ వర్ణం పాడింది, నేను పక్కన వాయించాను. పాట నడిచినంతసేపూ అంతా బాగానే ఉంది, వేళ్ళు చల్లబడ్డాయి కానీ చెప్పిన మాట విన్నాయి. చివర్లో ముక్తాయి. తకధిమి నాలుగూ వచ్చాయి. ముందు వరసలో మాస్టారు తొడమీద తాళం వేస్తున్నారు. ఆయన చేతివైపు చూసి ఉంటే సరిపోయేది. నేను జనంవైపు చూశాను. కామా ఎటు పోయిందో తెలియదు. నేను సమం కొట్టేసి ఆగాను, అక్క ఇంకా ఎత్తుకోలేదు. ఆ పావు అక్షరంలో అక్క నావైపు ఒక చూపు చూసింది. చప్పట్లు కొట్టిన వాళ్ళెవరికీ తెలియలేదని అమ్మ తర్వాత ఎంతో ఓదార్చింది. మాకు ముగ్గురికి తెలుసు కదా.

మర్నాడు క్లాసుకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వెళ్ళాక మాస్టారు తిట్టలేదు, నోట్సు అడిగారు. తిరగేశారు. నేను రాసుకున్న పాఠాల్లో జతులన్నీ పొందిగ్గా ఉన్నాయి, కామాలు సగం చోట్ల లేవు. చెప్పేటప్పుడు విన్నది రాశాను, ఊరుకున్నది రాయలేదు. ఆయన ఎర్ర రీఫిల్ పెన్ను తీసి, మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చారు. అరగంట పట్టింది. మిగతా పిల్లలు తద్ధిత్తొంనం వాయిస్తూనే ఉన్నారు. పెన్ను మూసి, "పుస్తకం చదివేటప్పుడు కామా దగ్గర ఆగుతావు కదమ్మా, ఇక్కడేం తొందర?" అన్నారు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇంకో మూడేళ్ళు వెళ్ళాను. మిశ్రచాపు, ఖండచాపు తాళాలు, ఫరన్లనే పొడుగాటి జతులు, అక్క కచేరీల్లో పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే తనిఆవర్తనాలు చిన్నవి ఒకటి రెండు. తర్వాత టెన్త్, ఇంటర్, కోచింగు. మానేశాను అని ఎప్పుడూ అనుకోలేదు, వచ్చే వారం వెళ్దాం అనుకుంటూ ఉండగా పదిహేనేళ్ళు గడిచాయి. మాస్టారు పోయిన సంగతి నాకు నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది. ఎడమచేతి వాటం కుర్రాడు ఫోన్ చేసి చెప్పాడు. అతను ఇప్పటికీ వాయిస్తున్నాడు.

మొన్న ఇల్లు మారేటప్పుడు నోట్సు దొరికింది. నీలం సిరాతో నేను రాసిన జతులు చాలా పేజీల్లో చెమ్మకి అలుక్కుపోయాయి. ఆయన రీఫిల్‌తో పెట్టిన కామాలు మాత్రం అలాగే ఉన్నాయి. కొన్ని పేజీల్లో ఏ జతి మధ్య పెట్టారో తెలియదు, ఉత్త కామాలే వరసగా.

మృదంగం కూడా నాతోనే ఉంది. వార్లు వదులయ్యాయి, వాన రోజులు కావడంతో తోలు మరీ మెత్తబడింది. రాయి, చెక్కముక్క పెట్టి చుట్టూ అల్లిక మీద కొట్టి కొట్టి కొంత బిగించాను, శ్రుతిలోకి పూర్తిగా రాలేదు. రవ్వ తడిపి అతికించాను. కుడికాలు చాపితే మోకాలు కిర్రుమంది. నం మొదటి దెబ్బకే టక్ మంది, నాకు నవ్వొచ్చింది. గంటసేపు త ధి తొం నం, ఒకటో కాలంలోనే. తర్వాత ఆ చిన్న ముక్తాయి. మొదటిసారి కామా మింగేశాను. రెండోసారీ అంతే. మూడోసారి పదహారూ వాయించి, చేతులు తోలుకి అంగుళం మీద ఆపి, ఒకటి అనుకుని, ఎత్తుకున్నాను. సమం వచ్చి ఒళ్ళో పడింది.

కింది ఇంట్లో ఎవరో కిటికీ మూసుకున్నారు.